మాఫీ ఎవరి పేరున

“మీ సార్ సంతకం పెట్టిండట గదా సిస్టరమ్మా. ఇగ మీదొక్కటే.”

“ఆయన పెట్టేరు. కూర్చోండి.”

“పర్వాలే. నిలవడే ఉంట.”

“కూర్చోండి పోచన్నగారూ. మీరు నిలబడితే నేనూ నిలబడాలి. నాకింకా నడుం నిలవట్లేదు.”

పోచన్న సోఫా అంచున కూర్చున్నాడు, ఎవరైనా లెమ్మంటే వెంటనే లేవడానికి వీలుగా. గల్ఫ్‌కి వచ్చిన కూలీలుండే హమ్రియా రూముల్లో ఎవరికి ఏ ఆపద వచ్చినా ముందు అతన్నే పంపుతారు. పాస్‌పోర్టు తిరిగి ఇవ్వని కంపెనీ దగ్గరికి, శవం ఊరికి పంపాల్సిన ఆఫీసుకి, కోపం వచ్చిన కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని ఇంటికి. బతిమాలడంలో అతనికి మంచి పేరుంది. ఈసారి మాత్రం సొంత మేనల్లుడి కోసం అల్ ఖౌద్‌లోని ఈ ఇంటి దాకా వచ్చాడు. కంపెనీ పికప్ వెనక్కి తీస్తుంటే తగిలి నర్సు బ్యూలా పడిపోయింది. ఆమె కడుపులో ఏడో నెల బిడ్డ ఆ సాయంత్రమే పోయింది. మేనల్లుడు భూమేశ్ ఇప్పుడు స్టేషన్‌లో ఉన్నాడు. బిడ్డ తల్లీ తండ్రీ ఇద్దరూ మాఫీ రాసిస్తేనే వదులుతామన్నారు. తండ్రి ఆనందబాబు రాసిచ్చాడని క్యాంపులో కబురందింది. తల్లి సంతకం కోసం పోచన్న వచ్చాడు. వంచిన తల ఎత్తకుండా పని ముగించుకుని పోవాలని అతని ఆలోచన.

“టీ తీసుకోండి. అక్క పెట్టింది. మేరీకుమారి, మా పెద్దమ్మ కూతురు. ఖురియాత్‌లో పని చేస్తుంది. నా కోసం సెలవు పెట్టి వచ్చింది.”

“నమస్తే అమ్మా. ఎందుకమ్మా ఈ తక్లీఫు. మీరు గూడ… వట్టి మనిషి గాదు.”

“ఆరో నెల. ఫర్లేదు, అనొచ్చు. ఈ ఇంట్లో ఆ మాట అనకూడదని ఎవరూ అనుకోవట్లేదు. అక్కా, నువ్వెళ్ళి నడుం వాల్చు.”

“తలుపు తీసే ఉంచుతాను బ్యూలా.”

“ఉంచు.”

పోచన్న టీ గ్లాసు కోసం చెయ్యి చాచి ఒకసారి తడుముకున్నాడు.

“చూపు ఆనట్లేదాండి?”

“గట్లేం లేదు. కిటికి దిక్కు గూసున్న గదా, ఎండ కొట్టింది. గంతే.”

“సరే, చెప్పండి. ఏం చెప్పి రమ్మన్నారు మిమ్మల్ని?”

“ఎవలు జెప్పలే. నేనే వచ్చిన. భూమేశ్ నా చెల్లె కొడుకు. మా గౌరవ్వ కొడుకు. నేనే వీసా ఇప్పిచ్చి తోలుకొచ్చిన. రోజు ఫోన్ జేస్తది. అన్నా, నా కొడుకేడి అంటది. డ్యూటీల ఉన్నడే అంట. ఇయ్యాల గూడ డ్యూటీనే, రేపు గూడ డ్యూటీనే. ఎన్నొద్దులని జెప్పాలె? వానికేమన్న అయితె ఊరికి ఏ మొఖం వెట్టుకొని పోవాలె బిడ్డా.”

“నన్ను బిడ్డా అనొద్దు.”

“మా దిక్కు ఆడపిల్లలందర్ని గట్లనే అంటం.”

“తెలుసు. మా వార్డులో నిజామాబాద్ వాళ్ళూ, జగిత్యాల వాళ్ళూ వస్తారు. అయినా మీరు అనొద్దు. ఆ మాట వినలేకపోతున్నాను.”

“అనను. తప్పయింది.”

“మీ కంపెనీ వాళ్ళేమంటున్నారు?”

“దియా కడ్తమంటున్నరు, పోయిన పానానికి పైసలు. ఇన్సూరెన్స్ ఉన్నది, మీరు ఎంత చెప్తె గంత…”

“ఆ ఊసు ఎత్తకండి. ఆయనా వద్దన్నారు, నేనూ వద్దన్నాను. మా పిల్లని బేరం పెట్టుకోం.”

“నేను గదే అన్న. వాళ్ళు దేవుని బిడ్డలు, చర్చికి పోయేటోళ్ళు, పైసలకు ఆశపడరు, మాఫీ జేసే గుణముంటది అని…”

“పాస్టరుగారూ అదే అన్నారు. హాస్పిటల్లో మేట్రన్ కూడా అదే అంది. అందరికీ నా గుణం మీదే బెంగ. నా గుణం పాడవకుండా ఉంటే చాలు వాళ్ళకి. ఆ పాప ఎలా ఉంది, ఎవరి పోలిక అని ఒక్కళ్ళూ అడగలేదు.”

“పాపనా?”

“పాపే. మీకు తెలీదా?”

“లేదు. బిడ్డ అని జెప్పిండ్రు. ఆడపిల్ల అని ఎవలు జెప్పలే.”

“ఎవరు చెప్పేరు బిడ్డ అని?”

“ఎవలో… అందరు అనుకుంటున్నరు గదా. పోలీసోళ్ళు.”

“మీతోనా?”

“క్యాంపుల. అందరితోని.”

“మా ఆయన పోలిక. జుట్టు బోలెడుంది. నేను ప్రసూతి వార్డులో పనిచేస్తానండి. పుట్టకముందే పోయిన పిల్లల్ని ఎంతమందినో గుడ్డలో చుట్టేను. వాళ్ళ అమ్మలతో, ఏడవకమ్మా, మళ్ళీ పుడతారులే అనేదాన్ని. ఏదో చేజారిన వస్తువు గురించి చెప్పినట్టు చెప్పేదాన్ని. మంచిదాన్నే అనుకునేదాన్ని కూడా. స్టేషన్‌లో ఆ పెద్ద పోలీసాయన నన్నేం అడిగేడో తెలుసా?”

“ఏమడిగిండు?”

“ఈ బిడ్డకి వారసులెవరు అన్నాడు. నేను తెల్లబోయేను. ఊపిరే తియ్యని పిల్లకి వారసులేంటి? ఆయన ఓపిగ్గా చెప్పేడు. కడుపులో పోయినా ప్రాణం ప్రాణమేనట. ఒకడి వల్ల పోతే దానికి జవాబు చెప్పాలట. తల్లీ తండ్రీ వారసులు. క్షమించాలన్నా వాళ్ళే క్షమించాలి. పాస్టరుగారికి కుదరదు, కంపెనీకి కుదరదు. అంతవరకూ నేను ఏడవలేదు పోచన్నగారూ. అప్పుడేడ్చేను. మా పిల్లని మనిషిని చేసింది ఆ ప్రశ్న ఒక్కటే.”

“గాయన మంచిమాట అన్నడు.”

“అన్నాడు. అందుకే నాకు పట్టుకుంది. మనిషిని పోగొట్టుకున్నదాన్ని. క్షమించాలంటే ఎవర్ని క్షమిస్తున్నానో తెలియాలి కదండి.”

“భూమేశ్‌ను. కాయితంల పేరు ఉన్నది గదా.”

“పేరుంది. నేను మనిషి గురించి అడుగుతున్నాను. ఎలాంటివాడు?”

“మెతక మనిషి. తాగుడు లేదు, పత్తాలాట లేదు. చీమను గూడ తొక్కడు. నేను కూసోమంటె కూసుంటడు, లెవ్వమంటె లేస్తడు.”

“మీరేం చెబితే అది చేస్తాడు.”

“ఆఁ. మామ అంటె గౌరవం.”

“ఆ రోజు డ్యూటీలో ఉన్నాడా?”

“ఉన్నడు. గాదు… ముందటి రాత్రి నైట్ డ్యూటీ చేసిండు.”

“నైట్ డ్యూటీ చేసి, మధ్యాహ్నం బండి తీసేడా? నిద్ర లేకుండా?”

“పండుకొనే లేచిండు.”

“ఎక్కడ?”

“రూమ్‌ల.”

“హమ్రియాలో పడుకుని, లేచి, అల్ ఖౌద్ వచ్చేడు.”

“సైట్ ఈడున్నది గదా. సామాన్ తేనీకి వచ్చిండు. గీ గల్లీల ఇనుప మొలల దుకాణం ఉన్నది. పోలీసోళ్ళు గూడ గింత అడుగలే సిస్టరమ్మా.”

“పోలీసులకి బండి నంబరు దొరికింది, లైసెన్సున్న మనిషి దొరికేడు, తనే అని ఒప్పుకున్నాడు. వాళ్ళకి సరిపోయింది. నాకు సరిపోవట్లేదు.”

“ఇంకేం గావాలె మీకు?”

“ఫోన్లో మాట్లాడుతూ బండి వెనక్కి తీసేడా అని.”

“లేదు. ఫోన్ ఏడిది? ఫోన్ సీటు మీదనే ఉండె.”

“మీకెలా తెలుసు?”

“వాడు జెప్పిండు.”

“అద్దంలో చూసుకోలేదేమో.”

“చూసిండు. అద్దంల ఎండ గొట్టింది. గా కూరగాయల బంగ్లాదేశోడు డబ్బాలన్ని రోడ్డు మీదికి వెట్టిండు. మీరు డబ్బాల నడుమకెళ్ళి వచ్చిండ్రు. ఎట్ల కనవడ్తది?”

“ఇదీ అతనే చెప్పేడా?”

“వాడే.”

“బాగా చెప్పేడు. ఎండతో సహా.”

“ఏమంటున్నరు మీరు?”

“ఏమీ అనట్లేదు. తగిలేక కిందికైనా దిగలేదు. ఆడమనిషి పడుంటే వదిలేసి పారిపోయేడు. దానికేమంటారు?”

“దిగిండు.”

“దిగలేదు.”

“దిగిండమ్మా. ఇడిసిపెట్టి పోయేటోడు గాదు. దిగి, హాస్పిటల్ చలో అన్నడు. రెండుసార్లు అన్నడు. నువ్వే, కుచ్ నహీ హువా భయ్యా, జావ్ అన్నవు. చెయ్యి గూడ ఊపినవు. నువ్వు పొమ్మంటెనే పోయిండు. పారిపోయిండని మాత్రం అనకు.”

లోపల మంచం కిర్రుమంది. మేరీకుమారి పడుకోలేదని పోచన్నకి అర్థమైంది.

“అన్నాను.”

“ఏంది?”

“పొమ్మన్నాను. మీరన్నది నిజమే. ఆ మాట పోలీసులకి చెప్పలేదు నేను. మా ఆయనకీ చెప్పలేదు. పాస్టరుగారికీ చెప్పలేదు. ఎవరో గుద్దేసి పోయేరని అందరూ అనుకుంటుంటే ఊరుకున్నాను.”

“ఎందుకమ్మా?”

“ఎందుకంటే, పడగానే నా పొట్ట బిగిసిపోయింది. రాయిలా అయిపోయింది. వేరే ఆడమనిషి ఎవరైనా వచ్చి అలా ఉందని చెబితే చెయ్యి పట్టుకుని హాస్పిటల్‌కి లాక్కుపోయేదాన్ని. నాకు తెలుసు కదండి, అది దేనికి గుర్తో. అయినా ఇంటికొచ్చి పడుకున్నాను. చుట్టూ మగాళ్ళు చేరిపోయేరు, డ్రెస్సు చిరిగింది, సిగ్గేసింది. కాసేపటికి తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. సాయంత్రం వెళ్ళేసరికి చప్పుడు లేదు. అప్పుడే వచ్చుంటే అని డాక్టరమ్మ ఒక మాట మొదలెట్టి ఆపేసింది. ఆపకుండా అనేసినా బావుండేది.”

“మీ తప్పేమున్నదమ్మా. మీకేం ఎరుక.”

“నాకే ఎరుక. ఇంకెవరికీ కాదు. ఇంకోటి చెప్పనా? హిందీలో పొమ్మన్నాను. అతనూ హిందీలోనే రమ్మన్నాడు. ఇద్దరం తెలుగువాళ్ళమే. ముఖం నిండా గుడ్డ చుట్టుకున్నాడు, నల్లద్దాలు పెట్టుకున్నాడు. ఎవరో పఠాను అనుకున్నాను. ఈ దేశంలో ఎదురుపడ్డ ప్రతి మనిషితోనూ హిందీయే కదండి మనకి. నొప్పిగా ఉందా తల్లీ అని ఒక్క ముక్క తెలుగులో అని ఉంటే, ఉందన్నయ్యా అనేదాన్ని. ఖచ్చితంగా అనేదాన్ని. ఆ బండిలోనే కూర్చునేదాన్ని.”

“నేను గూడ మలబారీ అనుకున్న…”

“మీరు?”

“నేను గూడ గదే అనుకుంటున్న అంటున్న. వాడు మలబారీ ఆడామె అనుకున్నడట. తెలుగామె అని తెలిస్తె ఇడిసిపెట్టకపోతుండె గదా. మోసుకొనన్న పోతుండె.”

“అతను అనుకున్నాడు.”

“ఆఁ. వాడే.”

“స్టేషన్‌లో చూసేను మీవాడిని.”

“చూసిండ్రా? మాట్లాడిండ్రా?”

“అతనే మాట్లాడేడు. మేం ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం. మా ఆయన, నేను, అక్క. లోపల్నుంచి అతన్ని తీసుకొచ్చేరు. చిన్నవాడు. మా తమ్ముడంత ఉన్నాడు. మమ్మల్ని చూడగానే ఏడుస్తూ వచ్చి కాళ్ళ మీద పడ్డాడు.”

“పడ్డడా? నేను జెప్పలే, మంచోడని. మామ లేకున్నా ఎట్ల మొక్కాలెనో గట్లనే మొక్కిండు.”

“నా కాళ్ళకి కాదు.”

“మరి ఎవలియి?”

“అక్కవి.”

పోచన్న గ్లాసు కింద పెట్టాడు. బల్ల అంచు దొరకడానికి కొంచెం సేపు పట్టింది.

“ఏడ్సుకుంట వచ్చిండు గదా. కండ్లల్ల నీళ్ళు. ఎవలెవలో కనవడక…”

“కనబడే పడ్డాడండి. ముందు నన్ను చూసేడు. నా పొట్ట చూసేడు. తరవాత అక్క పొట్ట చూసేడు. చూసి, అక్క కాళ్ళు పట్టుకున్నాడు. పట్టుకుని ఏమన్నాడో చెప్పనా?”

“వద్దు.”

“అక్కా, నీకు నీ కడుపుల బిడ్డకు ఏం గాలే, దేవుడు సల్లగ చూసిండు, ఒక్కసారికి మాఫీ చెయ్యి అన్నాడు. అక్క భయపడిపోయి కాళ్ళు వెనక్కి లాక్కుంది. అతను వదల్లేదు. ఏం గాలే గదా అక్కా, ఏం గాలే గదా అని అదే మాట. పోలీసు వచ్చి లేపేడు. మా ఆయన, పాపం పిచ్చివాడిలా ఉన్నాడు, సంతకం పెట్టేద్దాం అన్నారు. ఆయనకి అంతే కనిపించింది.”

“గాబర పడ్డడు. పోరడు ఎన్నడు ఠాణా మెట్లు ఎక్కలే.”

“పోచన్నగారూ. గుద్దినవాడికి తను గుద్దిన మనిషి ఎవరో తెలీదు. ఆ మనిషి కడుపులో పిల్ల పోయిందనీ తెలీదు. గాబరాకి అంత మతిమరుపు రాదండి.”

“మీరు వేరే మాట అంటున్నరు. నాకు సమజైతలేదు.”

“అయితే సులువైంది అడుగుతాను. మీ క్యాంపులో అరబీ ఎవరికొచ్చు?”

“ఉన్నరు కొందరు.”

“మీకొచ్చా?”

“కొంచెం. పని మందం.”

“పోలీసులు క్యాంపుకి వచ్చినప్పుడు వాళ్ళతో ఎవరు మాట్లాడేరు?”

“…నేనే.”

“బిడ్డ పోయిందని వాళ్ళు మీతో చెప్పేరా, లేదా?”

“చెప్పిండ్రు.”

“ఆ మాట భూమేశ్‌కి తెలుగులో చెప్పాల్సింది ఎవరు?”

“సిస్టరమ్మా, నీకు దండం వెడ్త.”

“దండం తరవాత. అతనికేం చెప్పేరు?”

“జర్ర తాకింది అని జెప్పిన. ఆడిమనిషి కడుపుతోటి ఉన్నది, ఏం గాలే, ఊకనే కంప్లెంట్ ఇచ్చిండ్రు, నీకు లైసెన్స్ ఉన్నది, నువ్వు నడిపిన అను, పొద్దుగూకె వరకు ఇడిసిపెడ్తరు అని జెప్పిన.”

“నువ్వెందుకు చెప్పవు మామా అని అడగలేదా?”

“అడుగలే. వాడు నన్ను ఎన్నడు ఏది అడుగలే. అంగి తొడుక్కున్నడు, వాళ్ళ వెంబడి పోయిండు. బువ్వ తిన్నవా మామా అన్నడు పోయేటప్పుడు.”

“బండి ఎవరు తీసేరు?”

“వాడు పండుకున్నడు. నైట్ జేసి వచ్చిండు గదా, లేపబుద్ది గాలే. తాళంచెవి గోడకున్నది. సైట్ మీద మొలలు అయిపోయినయంట, పని ఆగింది, ఎంతసేపు, పోయొస్త అనుకున్న.”

“మీకు లైసెన్సు లేదు.”

“ఉండె. మళ్ళ చేయిస్తాంటె కండ్ల పరీక్షల ఫెయిల్ అన్నరు. ఒక కంటికి పొర వచ్చింది. ఎడమ దిక్కు ఏది కనవడది. సేఠుకు గూడ చెప్పలే, పని తీసేస్తడని. ఎవలకు చెప్పలే.”

“నేను ఎడం వైపు నుంచే వచ్చేను.”

“అవు.”

“ఎండ కొట్టలేదు.”

“ఎండ గూడ ఉండె. అబద్ధం గాదు. నాకైతె ఎండ లెక్కనే అనిపిచ్చింది. దిగినంక చూసిన, నువ్వు పడున్నవు. నా పానం పోయింది. నువ్వు లేచి పొమ్మన్నవు. ఎంత సంబురమైందో. దేవుడున్నడు అనుకున్న. మొలలు తీసుకొని సైట్ మీదికి పోయిన, పని జేసిన, నవ్విన గూడ. పొద్దున పోలీసోళ్ళు వచ్చి చెప్పంగనే…”

“చెప్పగానే మీకు మేనల్లుడు గుర్తొచ్చేడు.”

“జైలు గుర్తొచ్చింది. భయమైంది. వానిది చిన్న వయసు, లైసెన్స్ ఉన్నది, జల్ది ఇడుస్తరు అనుకున్న. నాకైతె లైసెన్స్ లేదు, కన్ను లేదు, ఎవలు ఇడుస్తరు? నేను లోపల వడితె మా రూములోళ్ళకు దిక్కెవలు? గివన్ని అనుకున్న. అనుకున్నయన్ని నాకు మంచిగనే అనిపిచ్చినయి గప్పుడు.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు నాకు నిద్ర లేదు. ఆడపిల్ల అంటివి గదా. అది వినకుంటె బాగుండు.”

“నాకు జాలి పుట్టించకండి. అది ఈపాటికే పుడుతోంది, నాకది ఇష్టం లేదు.”

“నేను జాలి అడుగుత లేను. లెక్క చెప్త, విను. ఇప్పుడు నేను పోయి నడిపింది నేను అంటె, నాకు లైసెన్స్ లేదని ఒక కేసు, పోరనితోని అబద్ధం జెప్పిచ్చిననని ఇంకో కేసు. వాడు అబద్ధం జెప్పిండని వానికొక కేసు. ఇద్దరం లోపలనే. నువ్వు సంతకం పెడితె వాడు ఇంటికొస్తడు. కేసు మూతవడ్తది. అందరికి మంచిగైతది.”

“అందరికీ. అంటే మీక్కూడా.”

“నాకు గూడ. ఇప్పుడు అబద్ధమెందుకు.”

“ఏ పాపం ఎరగని కుర్రాణ్ణి నేను క్షమించాలి. చేసినవాడు మా సోఫాలో కూర్చుని మా అక్క పెట్టిన టీ తాగి వెళ్ళిపోతాడు. మా పిల్ల సంగతి? దానికెవరు జవాబు చెప్పినట్టు? ఎవరూ చెప్పనట్టే. ఆ పెద్దాయన వారసులెవరని అడిగి రాసుకున్నదంతా ఉత్తుత్తిదే అవుతుంది.”

“నేను చెప్త జవాబు. వాడు బయటికి రాంగనే నేనే పోయి చెప్త.”

“బయటికొచ్చేక చెబుతారా? లోపలున్నన్నాళ్ళూ చెప్పనిది?”

“చెప్త.”

“మీ చెల్లెలి మీద ఒట్టేయండి.”

“దాని మీద వెయ్యలేను.”

“ఎందుకు?”

“చేస్తనో చెయ్యనో నాకే ఎరుక లేదు. ఇప్పుడు నీ ముందట గూసుంటె చెప్త అనిపిస్తున్నది. బస్సెక్కి హమ్రియా చేరే వరకు ఏమనిపిస్తదో. నేను ధైర్యమున్నోణ్ణి గాదమ్మా. మందికోసం ఎక్కడికైన పోత, ఎవని కాళ్ళన్న పట్టుకుంట. నాకోసం ఒక్క అడుగు వెయ్యరాదు.”

“ఇది ఒక్కటీ నిజం చెప్పేరు మీరు వచ్చినప్పట్నుంచి.”

“నువ్వు పోలీసోళ్ళకు చెప్తవా?”

“నన్నే అడుగుతున్నారా? ఆ మాట మీరు చెప్పాలని చూస్తున్నానండి. నా పిల్ల కోసం ఒకరైనా తమంతట తాము లేచి నిలబడి, నా వల్లే అంటారా అని. నేను అనలేదు. మీరూ అనలేదు. అనక్కర్లేని కుర్రాడి చేత అనిపించేం.”

“నేను చెడ్డోణ్ణి. ఒప్పుకుంటున్న. నన్నేమన్న అను. గని పోరణ్ణి ఇడిపియ్యి. గదొక్కటే అడుగనీకి వచ్చిన.”

“అదొక్కటేనా?”

“గదొక్కటే.”

“భూమేశ్ బయటికొస్తే చాలు. ఆ తరవాత మీకేమైనా ఫర్లేదా?”

“ఫరక్ లేదు.”

“ఆలోచించి చెప్పండి. తొందరేం లేదు.”

“ఆలోచించుడేమున్నది? వాడు బయటికొస్తె నేను ఇంకేం అడుగ. నువ్వు ఏం చేసినా మంచిదే. ఏడికి రమ్మంటె ఆడికొస్త. సంతకం పెడ్తవా?”

“భూమేశ్‌కి పొద్దున్నే పెట్టేసేను పోచన్నగారూ. మీకింకా పెట్టలేదు.”